జాబులు – జవాబులు: గడియారం బొమ్మ, కారు తాళాలు

(అక్టోబరు 2024)

ఈ నెల ఉత్తరాలన్నీ అమెరికా ఎన్నికల మీదే వచ్చాయి. నవంబరు 5 ముంచుకొస్తోంది కదా! ఆవకాయకు బూజు పట్టిందని రాసినావిడ వచ్చే నెలదాకా ఓపిక పట్టాలి. ఈలోగా ఆ జాడీలో చెయ్యి పెట్టకండి.

కొత్త పాఠకుల కోసం నా సంగతి రెండు ముక్కలు. మాది బాపట్ల. 1979లో ఈ దేశం వచ్చాను. ఫిలడెల్ఫియా శివార్లలో కాపురం. ఆసుపత్రి ల్యాబులో 31 ఏళ్ళు రక్తాలు, మూత్రాలు పరీక్షించి రిటైరయ్యాను. ఇప్పుడు ఎన్నికలొస్తే మా పేట బూత్‌లో కూర్చుని ఓటర్ల పేర్లు సరిచూస్తుంటాను. డెమోక్రాట్‌గా, అంటే బైడెన్, హారిస్‌ల పార్టీ మనిషిగా నమోదైనదాన్ని. ముందే చెప్పేశాను, ఆ లెక్క వేసుకునే చదవండి.

ప్ర: అమ్మా, మా బళ్ళో అటెండరు ఉద్యోగానికి కూడా చదువు సర్టిఫికెట్, మెడికల్ ఫిట్‌నెస్ అడిగేవాళ్ళం. అమెరికా అధ్యక్షుడికి ఏ పరీక్షా లేదంటే నమ్మబుద్ధి కావడం లేదు. శిక్ష పడినవాడు కూడా నిలబడవచ్చా?
– విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు

జ: నమ్మండి మాస్టారూ. రాజ్యాంగం మొదట్లో అడిగినవి మూడే. పుట్టుకతో పౌరుడై ఉండాలి, 35 ఏళ్ళు నిండాలి, 14 ఏళ్ళు ఈ దేశంలో నివాసం ఉండాలి. రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదన్నది 1951లో 22వ సవరణతో వచ్చింది. చదువు ఊసే లేదు. ట్రూమన్‌కి డిగ్రీ లేదు, అయినా దాదాపు 8 ఏళ్ళు ఏలాడు.

ఇక శిక్ష మాట. మొన్న మే 30న న్యూయార్క్‌లో జ్యూరీ ట్రంప్‌ని 34 అభియోగాల్లో దోషి అంది. అది పోటీకి అడ్డం కాదు. 1920లో యూజీన్ డెబ్స్ అనే సోషలిస్టు నాయకుడు అట్లాంటా జైల్లో కూర్చునే పోటీ చేస్తే 9 లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి. తిరుగుబాటులో పాల్గొన్నవాళ్ళు పదవికి అనర్హులని 14వ సవరణలో ఒక మాట ఉంది. దాన్ని పట్టుకుని కొలరాడో కోర్టు ట్రంప్ పేరు బ్యాలెట్ నుంచి తీసేయమంది. అది రాష్ట్రాలు తేల్చేది కాదని సుప్రీంకోర్టు మార్చి 4న కొట్టేసింది.

మన దగ్గర ఎమ్మెల్యే అభ్యర్థి కూడా తన మీద ఉన్న కేసులు, ఆస్తులు, చదువు అఫిడవిట్‌లో రాసివ్వాలి. ఇక్కడ అధ్యక్ష అభ్యర్థులు ఆస్తుల వివరాలు ఇస్తారు. ఆదాయపు పన్ను రిటర్నులు, డాక్టరు రిపోర్టు బయటపెట్టడం మాత్రం ఆనవాయితీ. బుద్ధి పుడితే పెడతారు, లేకపోతే లేదు. మీ మెడికల్ బోర్డు పని ఇక్కడ ఓటరు నెత్తిన పడింది మాస్టారూ. ఆ బోర్డు ఎలా పనిచేస్తోందో కింది ఉత్తరం చూడండి.

ప్ర: పెద్దమ్మా, మా నాన్న, మా మామగారు ఇద్దరూ ఈ ఆర్నెల్లూ మా ఇంట్లోనే ఉన్నారు. జూన్‌లో మామగారు "ఎనభై దాటినవాడికి దేశం అప్పజెబుతారా?" అంటే, నాన్న "వయసుదేముంది, అనుభవం కావాలిగానీ" అనేవారు. బైడెన్ తప్పుకున్నాక ఇద్దరూ మాటలు మార్చేసుకున్నారు! ఇప్పుడు నాన్న ట్రంప్ వయసు లెక్కపెడుతుంటే మామగారు అనుభవం అంటున్నారు. అన్నం దగ్గర కూర్చోవాలంటే భయంగా ఉంది. అసలు వయసు చూడాలా, వద్దా?
– సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, డాలస్

జ: నాయనా, ముందు ఆ ఇద్దరికీ ఇక్కడ ఓటు లేదన్న సంగతి గుర్తు చెయ్యి. విజిటర్ వీసా మీద వచ్చిన వియ్యంకులు అమెరికా అధ్యక్షుడి కోసం కంచాల ముందు కొట్టుకోవడం మనవాళ్ళకే చెల్లింది.

మాటలు మార్చుకున్నది వాళ్ళే అనుకోకు. నా దగ్గర ఒక స్పైరల్ నోటుబుక్కు ఉంది. ల్యాబు అలవాటు, దేనికైనా తేదీ వేసి రాసుకుంటాను. మార్చి 8 పేజీలో నా చేత్తోనే ఉంది చూడు: "నిన్న రాత్రి పార్లమెంటులో బైడెన్ గంటసేపు గట్టిగా మాట్లాడాడు. ఆ తడబాటు చిన్నప్పటి నత్తి. వయసు గొడవంతా అవతలివాళ్ళ ప్రచారం." జూన్ 28 పేజీలో ఒక్కటే మాట ఉంది: "చూశాను."

జూన్ 27 రాత్రి మా స్నేహితుల ఇంట్లో ఆరు జంటలం చేరి బైడెన్, ట్రంప్‌ల డిబేట్ చూశాం. సగంమంది ఇటు, సగంమంది అటు. మెడికేర్ అనే పెద్దవాళ్ళ ఆరోగ్య బీమా దగ్గర బైడెన్ మాట తెగిపోయింది. తర్వాత ఏం చెప్పాలో వెతుక్కుంటున్నట్టు కళ్ళు. గదిలో ఎవరూ నోరెత్తలేదు, ట్రంప్ వైపువాళ్ళు కూడా. ఎవరో గిన్నెలో గరిటె పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ నిశ్శబ్దం ఎంతసేపు? పెరుగావడలు వడ్డించేలోపు ఇద్దరు గుండె డాక్టర్లు, ఒక మత్తు డాక్టరు కలిసి జబ్బు పేరు కూడా తేల్చేశారు. బైడెన్‌కి ఒకటి, ట్రంప్‌కి ఇంకొకటి.

ఈ టీవీ వైద్యం కొత్తది కాదు. 1964లో ఒక పత్రిక 12,356 మంది మానసిక వైద్యులకు ఉత్తరాలు రాసి, అభ్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ మనసు అధ్యక్ష పదవికి సరిపడేలా ఉందా అని అడిగింది. ఆయన నాడి పట్టకుండానే 1,189 మంది "పనికిరాడు" అని రాసిచ్చారు. ఎన్నికల్లో ఓడినా ఆయన దావా వేసి ఆ పత్రిక మీద గెలిచాడు. పరీక్షించకుండా ప్రముఖుల మనసు గురించి తీర్పులు చెప్పకూడదని మానసిక వైద్యుల సంఘం 1973లో నియమం పెట్టుకుంది. గోల్డ్‌వాటర్ నియమం అంటారు. గుండె డాక్టర్లకు అది వర్తించదనుకుంటున్నారు మనవాళ్ళు!

అలాగని చూసింది చూడనట్టు ఊరుకోవాలా? ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఆయన్ని అడిగే రాస్తున్నాను.

ఆయనకి 76. పోయినేడాది ట్రంప్ పార్టీలోనే ఆయనకి పోటీగా దిగిన నిక్కీ హేలీ 75 దాటిన రాజకీయ నాయకులకు మతి పరీక్ష పెట్టాలంటే టీవీ మీద కోప్పడ్డారు. ఈ ఏప్రిల్‌లో డాక్టరు ఆ పరీక్షే ఈయనకి పెట్టాడు, ట్రంప్ పాసయ్యానని చెప్పుకుంటారే, అదే. గడియారం బొమ్మ గీసి ముళ్ళు పదకొండూ పదికి పెట్టమన్నారు. ఒంటెను చూసి ఒంటె అనాలి, ఖడ్గమృగాన్ని చూసి ఖడ్గమృగం అనాలి. అయిదు మాటలు చెప్పి కాసేపాగి తిరిగి అడుగుతారు. ముప్ఫయికి ఇరవయ్యేడు వచ్చాయి. ఇరవయ్యారు వస్తే చాలు, బాగున్నట్టే. ఇంటికొచ్చి ఆ గడియారం బొమ్మని ఫ్రిజ్‌కి అంటించారు.

ఆ వారంలోనే లైబ్రరీ దగ్గర స్టాప్ బోర్డుని చూడకుండా దాటేశారు. బ్రేకు వెయ్యమని నేను అరిచేదాకా ఆయన కాలు కదల్లేదు. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. అది మొదటిసారీ కాదు. రెండేళ్ళుగా నాకు తెలుసు. పిల్లలు ఫోన్ చేసి అడిగితే "కళ్ళజోడు పవరు మారిందిరా" అని చెబుతూ వచ్చాను. ఆయన కళ్ళజోడు మార్చి మూడు నెలలు కాలేదు అప్పటికి.

డిబేట్ అయిన మూడో రోజు, ఆదివారం పొద్దున్నే, కారు తాళాలు తెచ్చి దేవుడి గూట్లో కుంకుమభరిణె పక్కన పెట్టారు. "ఇక నువ్వే నడుపు" అన్నారు. ఎందుకని నేను అడగలేదు. కాఫీ తాగుతూ ఆయనే అన్నారు, "మొన్న ఆయన్ని చూస్తే నాకు భయమేసింది, తెలుసా" అని. బైడెన్ తాళాలు పెట్టడానికి ఇరవైనాలుగు రోజులు పట్టింది. జూలై 21న తప్పుకున్నాడు.

నా మార్చి 8 పేజీ ఎందుకలా రాశానో నాకప్పుడు అర్థమైంది నాయనా. ఇంట్లో ఆడుతున్న అబద్ధమే దేశానికీ అతికించాను.

అందుకే మీ వియ్యంకులిద్దరికీ నేను చెప్పేది, అంకె వదిలేయండని. 1984లో రీగన్‌కి 73. మొదటి డిబేట్‌లో తేలిపోయాడు. రెండోదాంట్లో, నా ప్రత్యర్థి చిన్నతనాన్నీ అనుభవం లేకపోవడాన్నీ నేను రాజకీయానికి వాడుకోను అని జోకేశాడు. ఎదురుగా ఉన్న మాండేల్ కూడా నవ్వాడు. ఆ చిన్నతనం వయసు 56! దేశమంతా నవ్వింది, వయసు ప్రశ్న ఆ నవ్వులో కొట్టుకుపోయింది, 49 రాష్ట్రాలు గెలిచాడు. అప్పటికి నాకు ఓటు లేదు. నైట్ డ్యూటీలో చూసి నేనూ నవ్వాను. పదేళ్ళకి, 1994లో, తనకి అల్జీమర్స్ అని ఆయనే ఉత్తరం రాశాడు. ఆ జబ్బు 84లోనే ఉందని నేననడం లేదు. ఒక జోకుకి మనం ప్రశ్ననే వదిలేశామని అంటున్నాను. అంతకుముందు 1919లో అధ్యక్షుడు విల్సన్‌కి పక్షవాతం వస్తే నెలల తరబడి ఆయన భార్య గదిలోకి ఎవర్నీ పోనివ్వలేదు, జనానికి ఉన్నదున్నట్టు చెప్పనూ లేదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో చెప్పే 25వ సవరణ 1967కి గానీ రాలేదు. తాళాలు దాచే ఇంటావిడలు వైట్‌హౌస్‌లోనూ ఉన్నారన్నమాట.

మరి ఏం చూడాలి? చేసే పని చూడండి. పక్కనున్నవాళ్ళలో "కాదండీ" అనగలిగేవాళ్ళు ఉన్నారా, అంటే ఆయన వింటాడా అన్నది చూడండి. అదే ప్రశ్న రెండోవాడికీ వెయ్యండి. ట్రంప్‌కి 78 నిండాయి. మాట ఒకచోట మొదలై ఇంకోచోట తేలుతుంటే దాన్ని ఆయన నేతపని అని చెప్పుకుంటున్నారు. మంగళగిరి నేతగాళ్ళు వింటే ఏమంటారో! గెలిస్తే ప్రమాణస్వీకారం నాటికి 2021 నాటి బైడెన్ కంటే అయిదు నెలలు పెద్ద. జూన్‌లో మీ మామగారు అన్న మాట జూన్‌లో నిజమైతే అక్టోబరులోనూ నిజమే. మీ నాన్నగారికీ అదే లెక్క, నాకూ అదే.

ఒక కిటుకు చెబుతాను. ఇద్దరిచేతా ఈ రాత్రి ఒక కాగితం మీద "అధ్యక్షుడికి ఉండకూడని అవలక్షణాలు" రాయించు. పేర్లు రాయకూడదు. మడిచి పోపులడబ్బాలో పెట్టు. నవంబరులో తీసి చదవండి. అప్పటిదాకా భోజనాల దగ్గర చంద్రబాబు, జగన్ గురించి కొట్టుకోమను, కాస్త మార్పుగా ఉంటుంది.

ప్ర: మా పక్క ఊరు వడ్లూరు మూలాలున్న ఉష గారి భర్త జె.డి. వాన్స్ ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డారు. మన అల్లుడు గెలవాలని మేమంతా అనుకుంటుంటే, అమెరికాలో ఉన్న మా తోడికోడలు కొట్టిపారేస్తోంది. మన పిల్ల మొగుడైతే మనకు మంచిది కాదా?
– గృహిణి, తణుకు

జ: తల్లీ, అల్లుడికి గారెలు వండటానికి చుట్టరికం చాలు. ఓటుకి చాలదు. అటు కమలా హారిస్ తల్లిగారి వైపు ఊరు తమిళనాడులోని తులసేంద్రపురం, వాళ్ళూ మీలాగే గుళ్ళో పూజలు చేయిస్తున్నారు. ఆ లెక్కన పోతే ఇది గోదావరికీ కావేరికీ పోటీ అవుతుంది.

కానీ మీ ప్రశ్నలో ఒక పనికొచ్చే సంగతి ఉంది. ఉపాధ్యక్షుడిని జనం సరిగ్గా చూడరు. ఇప్పటిదాకా 9 మంది ఉపాధ్యక్షులు మధ్యలో అధ్యక్షులయ్యారు. ఎనిమిదిసార్లు అధ్యక్షుడు పోయాడు, ఒకసారి నిక్సన్ రాజీనామా చేశాడు. ట్రూమన్ ఉపాధ్యక్షుడిగా ఉన్నది 82 రోజులు. ఆ తర్వాత రూజ్‌వెల్ట్ కుర్చీలో కూర్చున్నాకగానీ అణుబాంబు సంగతి పూర్తిగా చెప్పలేదు ఆయనకి. అభ్యర్థికి 78 అయినప్పుడు పక్కనున్న వాన్స్‌కి 40 అన్నది చూడాల్సిన విషయమే. సెనెట్‌కి వచ్చి ఆయనకి రెండేళ్ళు కూడా నిండలేదు. మీ తోడికోడలు దేన్ని కొట్టిపారేస్తోందో అడగండి, అల్లుణ్ణా, అనుభవాన్నా అని.

ప్ర: హెచ్-1బి మీద ఉన్నాను ఆంటీ. ఓటు లేదు. గ్రీన్‌కార్డు క్యూ ఎప్పటికి కదులుతుందో తెలియదు. ఎవరు తగినవాళ్ళో తేల్చుకుని నేనేం చేసుకోవాలి?
– ఎడిసన్, న్యూజెర్సీ

జ: బాబూ, నీ వీసా రూలు రాసేది వాళ్ళే కనుక పట్టించుకో. అంతకన్నా ముఖ్యమైన మాట ఒకటి. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో "ఓటరుగా నమోదు చేయమంటారా?" అని అడిగితే, అన్నిటికీ యస్ కొట్టే అలవాటులో దానికీ కొట్టకు. పౌరుడు కాకుండా ఓటేస్తే నేరం, దేశం నుంచి పంపించేస్తారు కూడా. గ్రీన్‌కార్డు వచ్చినా అంతే.

ప్ర: మేడమ్, నాకు ఈ ఏప్రిల్‌లో సిటిజన్‌షిప్ వచ్చింది. ఇది నా మొదటి ఓటు. ఇద్దరి బ్యాలెట్లూ పోస్టులో తెప్పించి, రెండూ తనే నింపుతానని, నేను సంతకం పెడితే చాలని మా వారంటున్నారు. "హారిస్ ఊరికే నవ్వుతుంది, ఆడమనిషి సైన్యాన్ని నడపగలదా?" అంటారు. ఆయన చెడ్డవారు కాదు. నాకు ఇవన్నీ తెలియవని ఆయన నమ్మకం. ఏం చెయ్యను?
– పిట్స్‌బర్గ్ దగ్గర నుంచి ఒక సోదరి

జ: అమ్మాయీ, బూత్‌కి వెళ్ళు. పోస్టు బ్యాలెట్ వచ్చేసినా ఫరవాలేదు. ఆ బ్యాలెట్, దానితో వచ్చిన కవర్లు అన్నీ పట్టుకెళ్ళి బల్ల దగ్గర ఇచ్చేయ్. రద్దు చేసి నీకు అక్కడే ఓటు ఇస్తారు. పొద్దున్న ఏడు నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంటుంది. ఎనిమిదికి లైన్లో నిలబడి ఉంటే చాలు, పంపేయరు. ఆ బూత్‌లో మొదటిసారి కనుక గుర్తింపు కార్డు తీసుకెళ్ళు. నమోదు కాకపోతే ఈ నెల 21 ఆఖరు.

పోస్టులోనే వేస్తానంటే జాగ్రత్త. మన పెన్సిల్వేనియాలో రెండు కవర్లు ఉంటాయి. నింపిన బ్యాలెట్‌ని ముందు లోపలి కవర్లో పెట్టి అంటించాలి, దాన్ని బయటి కవర్లో పెట్టాలి, బయటిదాని మీద సంతకం చేసి ఆ రోజు తేదీ చేత్తో వెయ్యాలి. లోపలి కవరు మరిచిపోతే ఆ ఓటు పోయినట్టే. ఇంత చదువుకున్నవాళ్ళు, పుట్టినరోజు తేదీ వేసి పంపినవాళ్ళున్నారు! 2016లో ట్రంప్ ఈ రాష్ట్రాన్ని 44 వేల చిల్లరతో గెలిచాడు, 2020లో బైడెన్ 80 వేల చిల్లరతో. అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాలవారీగా ఇచ్చే ఎలక్టోరల్ ఓట్లు, వాటిలో 19 మనవి. నీ కవరు చిన్నదేం కాదు.

నవ్వు సంగతికొస్తాను. ల్యాబులో మా సూపర్‌వైజరు ఒకాయన, నేను నవ్వితే సీరియస్‌నెస్ లేదనేవాడు, నవ్వకపోతే పొగరనేవాడు. సాంపిళ్ళు తారుమారు చేసింది మాత్రం ఆయన. ఆడమనిషి సైన్యాన్ని నడపగలదా అంటే 1971లో ఇందిరాగాంధీ ఏం చేసిందో మీవారికి వాళ్ళ నాన్నగారు చెప్పే ఉంటారు.

హారిస్‌ని అడగాల్సినవి లేకపోలేదు. నవ్వు కంటే గట్టివి ఉన్నాయి. 2019లో ఫ్రాకింగ్, అంటే భూమిలోపలి రాయిని పగలగొట్టి గ్యాస్ తీయడం, నిషేధిస్తానంది, ఇప్పుడు నిషేధించనంటోంది. అదేదో దూరపు సంగతి కాదు, మీ వైపు ఎందరికో ఆ గ్యాస్ బావుల మీదే బతుకు. ఎందుకు మారిందంటే, విలువలు మారలేదంది. అది జవాబా? అభ్యర్థి అయ్యాక నెలరోజులు పైగా పెద్ద ఇంటర్వ్యూ ఒక్కటీ ఇవ్వలేదు. బైడెన్ పరిస్థితి దగ్గరుండి చూసి ఏం చెప్పింది, ఎవరికి చెప్పింది అన్నది నాకు ఇంకా నలుగుతున్న ప్రశ్న. రెండేళ్ళు కళ్ళజోడు కథ చెప్పినదాన్ని, నేను గట్టిగా అడగలేకపోతున్నాననుకో.

ట్రంప్‌ని కూడా ఇలాగే అడుగు. 2020లో ఓడినా ఓడలేదన్నాడు, 2021 జనవరి 6న ఆయన మనుషులు పార్లమెంటు అద్దాలు పగలగొట్టి లోపలికి పోయారు. సెప్టెంబరు 10న మా ఫిలడెల్ఫియా డిబేట్‌లో, వలస వచ్చినవాళ్ళు పెంపుడు కుక్కల్ని, పిల్లుల్ని తింటున్నారన్నాడు. ఆయన చెప్పిన ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరి అధికారులే అలాంటిదేం లేదన్నారు. అయినా మా వీధిలో ఆయనకు ఓటేసేవాళ్ళు ఇవన్నీ తెలిసే వేస్తున్నారు. గుడ్ల ధర, ఇంటి అప్పు వడ్డీ గురించి చెబుతారు. వాళ్ళూ వెర్రివాళ్ళేం కాదు.

నువ్వు బూత్‌లోంచి బయటికొచ్చాక మీవారు ఎవరికి వేశావని అడిగితే, "మీరన్నవన్నీ ఆలోచించే వేశానండీ" అను. అబద్ధం కాదు కదా.

ప్ర: మీరు డెమోక్రాట్ అని ప్రతిసారీ చెబుతుంటారు. ట్రంప్ గురించి ఒక్క మంచి మాట రాయండి చూద్దాం.
– హ్యూస్టన్ నుంచి, పేరు వద్దన్న పాఠకుడు

జ: నోటుబుక్కులో ఉందండీ, జూలై 14 పేజీ. ముందురోజు మా రాష్ట్రంలోనే బట్లర్‌లో సభ. తుపాకీ గుండు చెవిని గీసుకుపోయింది, జనంలో ఒకాయన ప్రాణమే పోయింది. రక్తం కారుతుండగా లేచి పిడికిలి ఎత్తాడు. "భయపడలేదు" అని రాసుకున్నాను. అంతకన్నా ఏం రాయాలో తోచక పుస్తకం మూసేసి పడుకున్నాను.

పొద్దున చూస్తే దాని కింద మా ఆయన దస్తూరీ: "ఇదీ లెక్కలో వెయ్యి. కాఫీ పొడి అయిపోయింది, కారు తియ్యి."